అయిదు వేల ఫోనూ, మన పి.ఎఫ్. డబ్బూ



"ఈ ఫోను అయిపోయిందన్నా, కొత్తది కొనుక్కో." సెల్‌ఫోను షాపులో ఈ మాట వినని కార్మికుడు మన మొరప్పూరు చుట్టుపక్కల ఇప్పుడు దొరకడు. సేలం, ఈరోడ్, తిరుప్పూరు మిల్లులకు రైలెక్కే వాళ్ళ చేతుల్లో ఉన్న ఫోన్లను ఒకసారి చూడండి. చాలావరకు అయిదారేళ్ళ కిందటివే. కొన్ని అన్న వాడి తమ్ముడికిచ్చినవి, తమ్ముడు వాడి అమ్మకిచ్చినవి. అద్దం మీద అడ్డంగా గీత, వెనక మూత ఊడకుండా రబ్బరు బ్యాండు, అయినా మోగుతూనే ఉంటాయి.

బోనసు గురించి, పనిభారం గురించి రాయవలసిన చోట సెల్‌ఫోను కబుర్లేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. జీతం బ్యాంకులో పడిందన్న కబురు, పి.ఎఫ్. నంబరు, రిటైరయిన వాళ్ళ పింఛను, పిల్లల బడి సమాచారం అన్నీ ఆ అరచేతి పెట్టెలోంచే రావలసిన రోజులొచ్చాయి. ఆ పెట్టె పనికిరాదని ఎవరో తీర్మానిస్తే నష్టపోయేది మనం. కనుక ఇది సంఘం విషయమే.

ఉదాహరణకు రెడ్‌మీ 5ఎ అనే మోడలును తీసుకుందాం. 2017 నవంబరు 30న ఇది మన దేశంలో విడుదలయింది. 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ ఉన్న ఫోనుకు మొదటి ధర 4,999 రూపాయలు. మొదటి 50 లక్షల ఫోన్లకే ఆ ధర, తర్వాత 5,999 అన్నారు. 'దేశ్ కా స్మార్ట్‌ఫోన్' అని ప్రకటనలు గుప్పించారు. రోజు కూలి 500 వచ్చే మనిషికి పది రోజుల కష్టం. అంతకు మూడేళ్ళ ముందు, 2014 సెప్టెంబరులో, గూగుల్ కంపెనీ మైక్రోమాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలతో కలిసి 'ఆండ్రాయిడ్ వన్' పేరుతో 6,399 రూపాయల నుంచి ఫోన్లు అమ్మింది. వాటిలో 1 జీబీ ర్యామ్, 4 జీబీ స్టోరేజీ మాత్రమే ఉండేవి. 4జి లేదు. 2016 సెప్టెంబరు 5న జియో పూర్తిగా 4జి మీదనే నడిచే సర్వీసు మొదలుపెట్టింది. 2019 నుంచి ఎయిర్‌టెల్ తన 3జిని మూసేస్తూ వచ్చింది. దాంతో ఆ ఆండ్రాయిడ్ వన్ ఫోన్ల పని దాదాపు ముగిసింది. ఫోను చెడలేదు, అది నడిచే దారి మూసేశారు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, దీని అవసరం ముందు ముందు వస్తుంది.

ఇక్కడ మరో సంగతి. రెడ్‌మీ ఫోన్ల కంపెనీ మన దేశంలో తయారు చేయించిన మొదటి ఫోను 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదలయింది. దాన్ని బిగించింది అప్పటి చిత్తూరు జిల్లా (ఇప్పుడు తిరుపతి జిల్లా) శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో. అక్కడ లైను మీద కూర్చున్నవారిలో అత్యధికులు ఆడపిల్లలు. మన అక్కచెల్లెళ్ళు రింగ్ ఫ్రేము దగ్గర తెగిన పోగు అతికినట్టే వాళ్ళు అక్కడ మరలు బిగించారు. శ్రీపెరుంబుదూరులో నోకియా ఫ్యాక్టరీ 2014 నవంబరు 1న ఉత్పత్తి ఆపేసి వేలమంది ఉపాధి పోయిన సంగతీ మనకు తెలిసిందే. అందుకని ఈ ఫోన్లను చూసి 'చవకరకం' అని ముఖం తిప్పుకోవడం మాకు ఇష్టం ఉండదు.

ఇక వాడకం విషయం. ఈ తరగతి ఫోన్లలో మనలాంటివాళ్ళకు బాగా పనికొచ్చిన గుణం, రెండు సిమ్ములకూ మెమరీ కార్డుకూ వేరువేరు చోట్లు ఉండటం. తర్వాత వచ్చిన కొన్ని ఫోన్లలో రెండో సిమ్ము పెడితే కార్డు తీసేయాలి, కార్డు పెడితే సిమ్ము తీసేయాలి. ఊరు విడిచి పనికి పోయేవాడికి ఒక నంబరు ఆధార్‌కూ బ్యాంకుకూ కట్టుబడి ఉంటుంది, దాన్ని వదలలేడు. ఇంకొకటి ఎక్కడ సిగ్నలు బాగుంటే అక్కడిది. ఫోటోలు కార్డులో ఉండాలి. ఈ మూడూ ఒకేసారి ఇచ్చిన ఫోను అది. 137 గ్రాముల బరువు, 5 అంగుళాల తెర. చొక్కా జేబులో పెట్టుకుంటే బరువనిపించదు. 3,000 ఎంఎహెచ్ బ్యాటరీ కొత్తలో ఒక ఫుల్ నైట్ షిఫ్టు దాటి మర్నాడు మధ్యాహ్నం దాకా వచ్చేది. ఎఫ్.ఎం. రేడియో ఉంది. టీవీ రిమోటులా పనిచేసే ఇన్‌ఫ్రారెడ్ దీపం కూడా ఉంది. హాస్టలు టీవీ రిమోటు కనపడకుండా పోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఆ ఫోనున్న అమ్మాయి మాటే ఆ సాయంత్రం చెల్లుతుంది.

వేలిముద్రతో తెరుచుకునే సౌకర్యం లేదు. ఇది లోపమని పత్రికలవాళ్ళు రాశారు. మనకది లోపం కాదు. ఏళ్ళ తరబడి పోగు పట్టి పట్టి అరిగిన వేళ్ళను రేషను దుకాణం మిషనే గుర్తుపట్టదు, ఫోనేం గుర్తుపడుతుంది? నాలుగంకెల నంబరే నయం.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. 16 జీబీ అని రాసి ఉన్నా దాదాపు సగం ఫోను తన కోసమే తీసుకుంటుంది. మిగతాది వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే పూల బొమ్మలు, సుప్రభాతం వీడియోలు తినేస్తాయి. 'స్టోరేజీ నిండింది' అని ఫోను మొత్తుకుంటే చాలామంది ఫోను చెడిపోయిందనుకుంటారు. సెట్టింగులలో వాట్సాప్ ఫోటోలు దానంతటదే దించుకోవడాన్ని ఆపేసి, పాతవి కార్డులోకి మార్చి, వాడని యాప్‌లు తీసేస్తే ఫోను మళ్ళీ కదులుతుంది. ఇక 2 జీబీ ర్యామ్ సంగతి మిల్లు భాషలో చెప్తాం. ఒక సైడరుకు అలవాటయిన సైడ్లకు రెట్టింపు అప్పగిస్తే ఏమవుతుంది? ఒక పక్క అతుకుతుంటే ఇంకో పక్క పోగులు తెగి పేరుకుపోతాయి. మనిషిలో లోపం లేదు, పని ఎక్కువ పెట్టారు. ఈ ఫోనుదీ అదే గతి. ఒక యాప్ తెరిచి పని చూసుకుని మూసి, ఆ తర్వాత ఇంకొకటి తెరిస్తే నడుస్తుంది. అన్నీ ఒకేసారి తెరిస్తే నిలబడిపోతుంది.

దూది సంగతి ఏ కంపెనీ కాగితంలోనూ రాయరు. బ్లో రూమ్, కార్డింగ్‌లలో పనిచేసేవాళ్ళ ఫోన్ల ఛార్జింగు కన్నంలో నెల తిరిగేసరికి దూది గట్టిపడి కూర్చుంటుంది. వైరు పూర్తిగా దిగదు. 'ఛార్జింగు ఎక్కడం లేదు, బోర్డు పోయింది' అని షాపువాడు వందలు అడుగుతాడు. ఫోను ఆపేసి, ఎండిన మెత్తటి పళ్ళ బ్రష్షుతో నెమ్మదిగా తుడిస్తే చాలాసార్లు అదే సరిపోతుంది. గుండుసూదితో మాత్రం పొడవకండి, లోపలి నాలుక విరుగుతుంది. స్పీకరు జల్లెడలో కూడా దూదే. మాట బొంగురుగా వినపడితే ముందు అక్కడ చూడండి.

బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తే మాత్రం ఆ ఫోనును వాడొద్దు. రబ్బరు బ్యాండు వేసి బిగించడం మరీ ప్రమాదం. తలగడ కింద పెట్టి ఛార్జింగు చేయవద్దని, ముఖ్యంగా ఒకే గదిలో పదిమంది పడుకునే హాస్టళ్ళలో చేయవద్దని మరీ మరీ చెప్తున్నాం. బ్యాటరీ మార్పిస్తే సరిపోయే ఫోన్లు ఎన్నో ఉన్నాయి.

భాష విషయం మనకు ప్రత్యేకం. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల తెలుగు కుటుంబాల్లో తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలు కోకొల్లలు. ఒకప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనపడేవి. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0తో ఫోను మెనూలే తెలుగులో, తమిళంలో పెట్టుకునే వీలు వచ్చింది. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాటను విని టైపు చేసే సౌకర్యం ఇచ్చింది. మన యాసను అది ఒక్కోసారి గుంటూరు భాషగా మార్చి రాస్తుంది, నవ్వొస్తుంది, కానీ విషయం చేరుతుంది. చదవలేని అవ్వకు గొంతు రికార్డు చేసి పంపవచ్చు. ఇవన్నీ అయిదు వేల ఫోనులోనూ జరిగే పనులే. ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేం. 2018 ఫిబ్రవరిలో లక్షకు చేరువ ధర పలికే ఐఫోన్లు మన 'జ్ఞా' అనే ఒక్క అక్షరం సందేశంలో వస్తే చాలు, కుప్పకూలాయి. కంపెనీ హడావుడిగా మరమ్మతు పంపేదాకా అదే గోల. మన చవక ఆండ్రాయిడ్లు మాత్రం ఆ అక్షరాన్ని చక్కగా చూపించాయి.

ఖర్చు లెక్క వేద్దాం. ఫోను ఒకసారి కొంటాం, రీచార్జి ఎప్పటికీ తీరదు. 2024 జూలై మొదటి వారంలో కంపెనీలు ధరలు పెంచినప్పుడు జియోలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాకు 239 నుంచి 299 అయింది. ఎయిర్‌టెల్‌లో 179 రూపాయల 28 రోజుల ప్యాకు 199 అయింది. 28 రోజులంటే ఏడాదికి 13 సార్లు. మనకు జీతం 12 నెలలకే వస్తుంది, వాళ్ళ క్యాలెండరులో మాత్రం 13 నెలలు! 299ని 13తో హెచ్చిస్తే 3,887 రూపాయలు. ఇలా రెండేళ్ళ రీచార్జి ఆ ఫోను ధరను ఎప్పుడో దాటిపోతుంది. ఇంటర్నెట్ అక్కరలేని వాళ్ళకు మాటలకూ ఎస్.ఎం.ఎస్.లకూ మాత్రమే ప్యాకు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. కంపెనీలు ఆ ప్యాకులు తెచ్చాయి కానీ షాపువాడు తనంతట తాను చెప్పడు. ఇంట్లో బటన్ల ఫోను వాడే పెద్దవాళ్ళుంటే నోరు తెరిచి అడగండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. 2025 ఆగస్టు 1 నుంచి కొత్తగా చేరే కార్మికుడి యు.ఏ.ఎన్. నంబరు ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాలని పి.ఎఫ్. సంస్థ నిబంధన పెట్టింది. ఆ నంబరు లేకపోతే మన జీతంలో కోసిన డబ్బు మన ఖాతాకు చేరే దారి లేదు. పింఛనుదారుల సంగతీ అంతే. ఏటా ఒకసారి బతికే ఉన్నామని రుజువు చూపాలి. 2021 నవంబరు నుంచి జీవన్ ప్రమాణ్‌లో ముఖంతో ఆ రుజువు ఇచ్చే పద్ధతి వచ్చింది. వేళ్ళు అరిగిన మనవాళ్ళకు ఇది నిజంగా మేలే, కాదనం. కానీ ఆ యాప్‌కు 4 జీబీ ర్యామ్ ఉన్న ఫోను కావాలని సూచనల్లో ఉంది. మన 2 జీబీ ఫోను ఆ గేటు దగ్గరే ఆగిపోతుంది.

1995 పింఛను పథకంలో కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. ఆ వెయ్యి తీసుకునే ముసలి కార్మికుడు ఏడెనిమిది వేలు పెట్టి ఫోను కొనాలా? కొంటే ఆ పింఛను ఏడెనిమిది నెలలు ఫోనుకే సరి. పైగా ఫోను మీద జి.ఎస్.టి. 2020 ఏప్రిల్‌లో 12 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. బంగారం మీద 3 శాతమే. మెడలో గొలుసు వేసుకోవడానికి తక్కువ పన్ను, పి.ఎఫ్. నంబరు తెచ్చుకోవడానికి ఎక్కువ పన్ను! ఇది ఏ న్యాయమో ఎవరైనా చెప్పాలి.

దీని వెనక ఇంకో దారి మూసుకుపోవడమూ ఉంది. రెడ్‌మీ 5ఎ ఆండ్రాయిడ్ 7.1తో వచ్చి 8.1 దాకా వెళ్ళింది, అక్కడితో సరి. ఆ తర్వాత కొత్త ఆండ్రాయిడ్‌లు ఎన్ని వచ్చినా దానికి అందలేదు. చవక ఫోన్లన్నిటిదీ ఇదే కథ. వాట్సాప్ 2023 అక్టోబరు 24 నుంచి ఆండ్రాయిడ్ 5.0 కన్నా పాతవాటిలో పనిచేయడం మానేసింది. బ్యాంకు యాప్‌లూ ఒక్కొక్కటిగా పాత ఫోన్లను వదిలేస్తున్నాయి. రక్షణ అప్‌డేట్లు ఆగిన ఫోనులో డబ్బు వ్యవహారం నడపడం ప్రమాదమని వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. కానీ అప్‌డేట్లు ఆపిందెవరు? అమ్మిన కంపెనీలే కదా. యూరప్ దేశాల్లో 2025 జూన్ 20 నుంచి ఒక చట్టం అమలవుతోంది. ఒక మోడలు అమ్మకం ఆపిన తర్వాత కూడా కనీసం 5 ఏళ్ళు దానికి అప్‌డేట్లు ఇవ్వాలి, 7 ఏళ్ళు విడిభాగాలు దొరకాలి. అక్కడికి ఫోన్లు పంపే కంపెనీల్లో చాలావరకు ఇక్కడ మనకు అమ్మేవే. అక్కడ చేయగలిగింది ఇక్కడ చేయలేవా? మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ఒకటి తెరిచింది. పోర్టల్ ఉంటే చాలదు, అంత గట్టి చట్టం కావాలి.

ఈ మధ్య ఒక కోన్ వైండింగు అక్క మాతో అన్నమాట: "నా ముఖం నాదే, ఆధార్ నాదే, పని నాదే. ఫోను పాతదని నా డబ్బు నాకియ్యరా తమ్ముడూ?" దీనికి మా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. జీవన్ ప్రమాణ్‌లో ఎవరి ఫోను వారికే ఉండాలన్న నియమం లేదు. ఒక మంచి ఫోనుతో ఎంతమంది పింఛనుదారులకైనా రుజువు పంపవచ్చు. మరి వందలమంది పనిచేసే మిల్లులో ఆఫీసు గదిలో అలాంటి ఫోను ఒకటి, చూపించే మనిషి ఒకరు ఉండటానికి యాజమాన్యానికి ఎంత ఖర్చవుతుంది? కొత్తగా చేరిన పిల్లకు యు.ఏ.ఎన్. తీసి ఇవ్వడం యాజమాన్యం బాధ్యతగా ఉండాలి. 'నీ ఫోనులో రావడం లేదు, కొత్తది తెచ్చుకుని రా' అని వెనక్కి పంపడం, ఆ లోపల పి.ఎఫ్. లేకుండా పని చేయించుకోవడం మేము ఒప్పుకోం. అలా వెనక్కి పంపితే ఆ తేదీ, చెప్పిన మనిషి పేరు రాసి పెట్టుకుని సంఘానికి తెలపండి.

హాస్టలు ఫోన్ల సంగతి కూడా ఇందులో భాగమే. యంత్రం దగ్గర ఫోను వాడొద్దంటే అర్థముంది. స్పిండిళ్ళు తిరిగే చోట కన్ను పక్కకు పోతే వేలు పోతుంది. ఆ నిబంధనను మేమూ సమర్థిస్తాం. కానీ షిఫ్టు దిగి గదికి వచ్చిన అమ్మాయి ఫోనును 'మీ రక్షణ కోసమే' అని బీరువాలో పెట్టి, ఆదివారం పది నిమిషాలు ఇవ్వడం రక్షణ కాదు. బ్యాంకు నుంచి వచ్చే ఓ.టి.పి. ఆ ఫోనుకే వస్తుంది. జీతం ఎంత పడిందన్న ఎస్.ఎం.ఎస్. ఆ ఫోనుకే వస్తుంది. అది బీరువాలో ఉంటే తన జీతం తానే చూసుకోలేని మనిషి అవుతుంది. ఇంట్లో తల్లికి బాగాలేదన్న కబురు వార్డెన్ దయ మీద ఆధారపడి వస్తుంది. డ్యూటీ వేళ లాకరు, డ్యూటీ దిగాక ఎవరి ఫోను వారి చేతికి, ఇదే పద్ధతి కావాలి.

పింఛనుదారులకు ఒక మాట. నవంబరులోనే తొక్కిసలాడనక్కరలేదు. పి.ఎఫ్. పింఛను రుజువు ఏ నెలలో ఇచ్చినా అక్కడి నుంచి ఏడాది చెల్లుతుంది. బ్యాంకులో, పోస్టాఫీసులో, కామన్ సర్వీస్ సెంటరులో, పి.ఎఫ్. ఆఫీసులో ఎక్కడైనా ఇవ్వవచ్చు. 2025 నవంబరులో పి.ఎఫ్. సంస్థ పోస్టు పేమెంట్స్ బ్యాంకుతో ఒప్పందం చేసుకుంది. పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి రుజువు తీసుకుంటాడు, దాని ఖర్చు సంస్థే భరిస్తుంది. అంటే ముసలాయన ఫోను కొననక్కరలేదు. ఎవరైనా 'ఫోను కొంటేనే పింఛను' అని భయపెడితే నమ్మకండి.

పాత ఫోనులో డబ్బు యాప్ వాడేవాళ్ళు జీతమంతా ఉన్న ఖాతాను దానికి కట్టకుండా, చిన్న ఖాతా ఒకటి తెరిచి ఖర్చుకు సరిపడా మాత్రమే అందులో ఉంచుకోవడం మంచిది. పి.ఎఫ్. ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని ఓ.టి.పి. అడిగేవాడు దొంగే. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా ఆ క్షణమే 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇంత చెప్పినా మార్చక తప్పని వాళ్ళుంటారు. వాళ్ళు కొత్తదే కొననక్కరలేదు. రెండో చేతి ఫోనయినా 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉన్నది చూసుకోండి. అంతకన్నా తక్కువది ఇప్పుడు కొంటే ఏడాదిలో మళ్ళీ అదే షాపు మెట్లెక్కాలి. డబ్బిచ్చే ముందు *#06# కొడితే తెర మీద 15 అంకెల నంబరు వస్తుంది. కె.వై.ఎం. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు పెట్టి 14422కి ఎస్.ఎం.ఎస్. పంపండి. దొంగిలించారని ఫిర్యాదు పడి ఆపేసిన ఫోనయితే జవాబులో తెలుస్తుంది. అమ్మేవాడి సంతకంతో చిన్న రశీదయినా తీసుకోండి. రశీదు ఇవ్వనన్న షాపులో కొనవద్దు, ధర ఎంత తక్కువయినా సరే.